పదిహేనేళ్ల కొడుకుతో నాలుగు రోజుల స్కూటరు యాత్ర: తిరుపతి నుంచి బయలుదేరేవారికి

సంక్రాంతి సెలవుల్లో నేనూ మావాడూ స్కూటరుకు సంచులు కడుతుంటే కింది వాటాలో ఉండే పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "అంత పొడుగు కొడుకును వెనక కూర్చోబెట్టుకుని నువ్వు నడపడమేమిటమ్మా, బండి వాడి చేతికి ఇవ్వరాదూ?" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే మీకూ ఈ మాట తప్పదు. కాబట్టి ముందు దీనికి జవాబు సిద్ధం చేసుకోండి.

ఇవ్వకూడదు. 16 ఏళ్లు నిండినవారికి చట్టం ఇచ్చే లైసెన్సు 50 సీసీ లోపు, గేర్లు లేని బండికి మాత్రమే. మన ఇళ్ల ముందు నిలబడే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైవే. వాటికి 18 నిండాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ప్రమాదమే జరిగితే అవతలివారికి బీమా కంపెనీ చెల్లించిన సొమ్మును మళ్లీ మన దగ్గరే రాబట్టుకునే వీలుంది. "ఖాళీ రోడ్డే కదా, అయిదు నిమిషాలు" అని వాడు అడుగుతాడు. కచ్చితంగా అడుగుతాడు. ఆ అయిదు నిమిషాలకు కూడా ఒప్పుకోవద్దు. బయలుదేరక ముందే, ఇంట్లో ఉండగానే, ఈ సంగతి తేల్చేయండి. దారిలో తేల్చుకుందామనుకుంటే చెట్టు కింద బండి ఆపుకుని గొడవ పడాల్సి వస్తుంది.

మరి వాడి పని ఏమిటి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. పదిహేనేళ్లవాడిని మూటలా వెనక కట్టుకుని తీసుకెళితే నలభై కిలోమీటర్లు దాటేసరికి విసుగెత్తి చెవుల్లో పాటలు పెట్టుకుంటాడు. ఆ తరువాత నాలుగు రోజులూ మీరొక్కరే ప్రయాణం చేసినట్టు. కాబట్టి హ్యాండిల్ తప్ప మిగతావి వాడికి అప్పగించండి. అప్పగించినట్టు నటించడం కాదు, నిజంగానే అప్పగించాలి.

మా ఇంట్లో మూడు పనులు వాడివి. మొదటిది దారి. ఫోనులో మ్యాపు ముందే దించి పెట్టుకోవడం, దాన్ని రెండు చక్రాల బండికి మార్చుకోవడం, వరుసగా వచ్చే ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవడం. అడవి దారుల్లో సిగ్నల్ పోతుంది, కాగితం మాత్రం జేబులోనే ఉంటుంది. మ్యాపును కారు మీద వదిలేస్తే పలమనేరు వైపు అది బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కమని చెప్పవచ్చు, అక్కడ మన బండ్లకు ప్రవేశం లేదు. రెండోది డబ్బు. నాలుగు రోజుల ఖర్చు మొత్తం ఒక సంచిలో వేసి వాడికి ఇచ్చేయండి, టీకి కూడా మీరు వాడినే అడగాలి. మూడోది ఆపే అధికారం. కుడి భుజం మీద ఒకసారి తడితే వేగం తగ్గించాలి, రెండుసార్లు తడితే తగిన చోటు చూసి ఆపాలి. ఎందుకని ఆపక ముందు అడగకూడదు. ఈ మూడో నియమం ఊరికే పుట్టలేదు, దాని కథ హార్స్‌లీ హిల్స్ దిగేటప్పుడు చెబుతాను.

నెల ముందు నుంచి

మూడు ఆదివారాలు సాధనకు పెట్టండి. మొదటి వారం చంద్రగిరి దాకా వెళ్లి రండి, పోను పన్నెండు పదమూడు కిలోమీటర్లు. రెండో వారం శ్రీకాళహస్తి. మూడో వారం అసలు ప్రయాణంలో తీసుకెళ్లే సామానంతా కట్టుకుని కాణిపాకం వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరండి. ఆ మూడో వారం చాలా విషయాలు చెబుతుంది: ఏ సంచి జారుతుంది, ఎవరి నడుము పట్టేస్తుంది, వాడికి ఎంతసేపటికి ఆకలేస్తుంది. మావాడికి గంటా నలభై నిమిషాలు. గడియారం పెట్టి చూశాను.

మలుపులు అలవాటు కావడానికి తిరుమల ఘాటు మంచి బడి. ఎక్కే దారి, దిగే దారి వేరువేరు కాబట్టి ఎదురు బండ్ల భయం ఉండదు. ద్విచక్ర వాహనాలకు వేళల ఆంక్షలు ఉంటాయి, అలిపిరిలో కనుక్కుని వెళ్లండి.

వెనక కూర్చోవడం కూడా ఒక విద్య. ఇది ఎవరూ నేర్పరు. నా బరువు 55 కిలోలు, మావాడిది 62. వెనకవాడు బరువైతే బండి నడక మారిపోతుంది. బండితో పాటు వచ్చిన పుస్తకంలో అది ఎంత మోయగలదో రాసి ఉంటుంది, ఇద్దరి బరువూ సామానూ కలిపి ఆ అంకె దాటకుండా చూసుకోండి. వాడికి చెప్పాల్సినవి ఇవి. నేను సరేనన్నాకే ఎక్కాలి, దిగాలి. బండి ఆగినా కాళ్లు కిందికి దించకూడదు, నేల మీద ఆనాల్సినవి నా కాళ్లు. మలుపులో బండి ఎటు వాలితే అటే వాలాలి. భయపడి రెండో వైపు ఒరిగితే బండి దారి తప్పుతుంది. ఎడమ మలుపులో నా ఎడమ భుజం మీదుగా, కుడి మలుపులో కుడి భుజం మీదుగా చూస్తే ఒళ్లు దానంతటదే సరిగ్గా ఒరుగుతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు అసలు కదలకూడదు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర, ఊరి సందుల్లో పడిపోయేది ఇలా కదిలినప్పుడే. ఈ వయసు మగపిల్లలకు అమ్మ నడుము పట్టుకోవాలంటే సిగ్గు. సీటు వెనక ఉండే కడ్డీని పట్టుకోమనండి, గొడవ తీరిపోతుంది.

మీ సంగతి కూడా ఒక మాట. చీర, వేలాడే చున్నీ వద్దు. వెనక చక్రంలో చిక్కుకుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. చున్నీ తప్పదనుకుంటే రెండు కొసలూ జాకెట్టు లోపలికి దోపేయండి.

బండి

బయలుదేరడానికి పది రోజుల ముందు సర్వీసు చేయించండి. ముందు రోజు వద్దు. మెకానిక్ ఏదైనా సరిగ్గా బిగించకపోతే అది ఊళ్లో తిరిగే పది రోజుల్లో బయటపడాలి గాని అడవిలో కాదు. ఇంజను ఆయిలు మార్పించండి, ముందు వెనక బ్రేకుల అరుగుదల చూపించుకోండి, బెల్టు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడగండి. గేర్లు లేని బండిలో ఇంజను శక్తిని వెనక చక్రానికి అందించేది ఆ రబ్బరు బెల్టే. దారిలో తెగితే ఏ చెట్టు కింద మెకానిక్కూ ఏమీ చేయలేడు. మార్చే గడువు దగ్గర పడి ఉంటే ముందే మార్పించేయండి.

టైర్లలో గాలి ఎంత ఉండాలో బండి మీదే ఒక చీటీ అంటించి ఉంటుంది. ఒక్కరు ఎక్కితే ఎంత, ఇద్దరు ఎక్కితే ఎంత అని రెండు అంకెలుంటాయి. చాలామంది ఏళ్ల తరబడి మొదటి అంకె మీదే నడిపేస్తారు. నాలుగు రోజులూ రెండో అంకె ఉండాలి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కొన్ని బండ్లకు వెనక స్ప్రింగు బిగువు పెంచుకునే వీలుంటుంది, అదీ అడగండి. ట్యూబు లేని టైర్లకు పంక్చర్ వేసే సామాను, చిన్న గాలి పంపు తీసుకెళ్లండి. ఇంటి దగ్గరే ఒకసారి పాత టైరు మీద వాడి చేత పంక్చర్ వేయించండి. పదిహేనేళ్ల పిల్లలకు ఈ పని మీద ఎంత ఆసక్తో చూస్తే ఆశ్చర్యపోతారు.

ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, మీ లైసెన్సు డిజీలాకర్‌లో ఉంటే చాలు. ఫోను చచ్చిపోయే రోజు కోసం నకళ్లు కూడా పెట్టుకోండి. హెల్మెట్లు రెండూ ఐఎస్‌ఐ ముద్ర ఉన్నవి, ముఖమంతా కప్పేవి కావాలి. పిల్లవాడి హెల్మెట్ కిందటేడాదిది అయితే మళ్లీ తల కొలవండి. కనుబొమ్మల పైన టేపు చుట్టి చూస్తే తెలుస్తుంది. పెట్టుకుని తల విదిలిస్తే అది తలతో పాటు తిరగాలి, విడిగా ఊగకూడదు.

సామాను పది కిలోలు దాటనీయకండి. బరువైనవి కాళ్ల దగ్గర అడుగు పలక మీద, పాదాలకు చోటు మిగిలేలా. తేలికవి సీటు కింద. పిల్లవాడి వీపు సంచి గాలిలో వేలాడకుండా సీటు మీద ఆనాలి. బరువు వెనక చక్రం దాటి వేలాడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ తడబడుతుంది.

చలి

తిరుపతివాళ్లం చలిని నమ్మం, మన ఊళ్లో దాని ముఖం చూసిందెప్పుడు? కానీ మదనపల్లె, పలమనేరు వైపు ఊళ్లు సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. హార్స్‌లీ హిల్స్ సుమారు 1,265 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. దాని మీద బండి వేగానికి ఎదురు గాలి. జనవరి పొద్దున ఆ పీఠభూమి మీద మంచు కురుస్తూ ఎదుటి లారీ కూడా కనిపించదు. ముందు కూర్చునే మీకు వేళ్లు కొంకర్లు పోతాయి, వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. చేతి తొడుగులు తప్పనిసరి. స్వెటరు గాలిని ఆపదు, దాని మీద వానకోటు తొడగండి. ఇంకా చలేస్తే పాత దినపత్రిక మడిచి ఛాతీ మీద, స్వెటరు లోపల పెట్టుకోండి. నవ్వుతారేమో, నవ్వాక పెట్టుకుని చూడండి. మంకీ క్యాపు హెల్మెట్ లోపల పట్టదు. పల్చని నూలు గుడ్డ చెవులకు చుట్టుకుంటే చాలు.

నెల ఎంచుకోవడం: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మనకు గట్టిగా పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వేసవి సంగతి చెప్పనే వద్దు. సంక్రాంతి సెలవులు సరిగ్గా సరిపోతాయి. వానలు వెలిశాక తలకోనలో నీళ్లు ఉంటాయి, ఎండ ముదరదు. భోగికి ముందే వెళ్లి భోగి మంటకు ఇల్లు చేరేలా చూసుకుంటే అత్తగారింట్లో మాట రాదు.

మొదటి రోజు: చంద్రగిరి, తలకోన

పొద్దున ఆరున్నరకు బయలుదేరండి, అయిదింటికి కాదు. నిద్రమత్తులో ఉన్న పిల్లవాడు వెనక సీటులో తూగుతాడు, అది ప్రమాదం. చంద్రగిరి కోట ఎటూ అప్పటికి తెరవరు. టిఫిన్ అక్కడే చేసి, తెరిచాక వెళ్లండి. రాజమహలు లోపల మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మేడ అది. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు నేల రాసిచ్చిన కాలంలో విజయనగర రాజులకు ఈ చంద్రగిరి రాజధాని. ఇవన్నీ మీరు చెప్పకండి. దారి వాడిది కాబట్టి, ఆగే ప్రతిచోటి గురించీ రెండు ముక్కలు చదువుకు రావడం కూడా వాడి పనే. మావాడు చెన్నై మహానగరం కథ ఇక్కడ మొదలైందని తెలిసి, మేనత్త కొడుకును ఏడిపించడానికి వెంటనే ఫోటో పంపాడు.

తరువాత పీలేరు రోడ్డు, భాకరాపేట ఘాటు. మలుపులు బిగువుగా ఉంటాయి, 2022లో ఇక్కడ పెళ్లివారి బస్సు లోయలో పడింది. మలుపుకు ముందే వేగం తగ్గించండి, మలుపు మధ్యలో బ్రేకు వేయకండి. కనిపించని మలుపు దగ్గర హారన్ కొట్టండి. ఏటవాలు రోడ్డు మీద దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు దారి ఇవ్వాలి, నియమం అది. ఎదుటి బస్సుకు ఆ నియమం తెలుసని మాత్రం ధీమా పడకండి.

తిరుపతి నుంచి తలకోన అరవై కిలోమీటర్ల లోపే. ఎందుకింత తక్కువ దూరం అంటే, మొదటి రోజు ఒళ్లు అలవాటు పడే రోజు. మధ్యాహ్నానికి చేరిపోవాలి. గది ముందే మాట్లాడుకోండి, సెలవుల్లో వచ్చాక చూద్దామంటే దొరకదు. జలపాతం 270 అడుగులు. బండి నిలిపాక పైకి రాళ్ల మీద నడక, కొన్నిచోట్ల పాచి. అడుగున ఉన్న గుండంలో ఈతకు దూకనివ్వకండి, ఎంత ఈతగాడైనా సరే. కోతులు సంచులు లాక్కుంటాయి, తినుబండారాలు చేతిలో పట్టుకుని నడవొద్దు. అడవిలో గిల్లతీగ ఉంటుంది, చెట్ల మీదుగా కొండచిలువలా సాగిపోయే తీగ. దాన్ని తప్పక చూపించండి. సాయంత్రం రాగి సంగటి, నాటుకోడి పులుసు దొరికితే అదృష్టం. మధ్యాహ్నమే చెప్పి ఉంచితే వండి పెడతారు.

రెండో రోజు: పీలేరు, వాయల్పాడు, హార్స్‌లీ హిల్స్

ఇది పొడుగు రోజు, సుమారు 130 కిలోమీటర్లు. మార్గం తేలిక, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గంటకోసారి ఆగండి. ఆగినప్పుడల్లా ఇద్దరూ నీళ్లు తాగాలి, చలిలో దాహం తెలియదు గాని ఒళ్లు ఎండుతుంది. బొరుగులు, వేరుసెనగ ఉండలు వాడి జేబుల్లో ఉండాలి. మదనపల్లెలో పెట్రోలు నిండా పోయించండి. కొండ మీద దొరుకుతుందని నమ్ముకోవద్దు. నా 125 సీసీ బండి ఊళ్లో లీటరుకు 50 ఇస్తుంది, ఇద్దరితో ఘాటు ఎక్కితే 40 మించదు. నూట ఇరవై కిలోమీటర్లకోసారి బంకులో ఆగడం అలవాటు చేసుకుంటే పెట్రోలు ముల్లు చూసి గుండె బరువెక్కదు.

హార్స్‌లీ హిల్స్‌కు వెలుతురు ఉండగా చేరాలి. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్‌లీ ఇక్కడ వేసవి ఇల్లు కట్టుకున్నాడు, ఆ పేరే కొండకు మిగిలింది. అంతకు ముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. ఎక్కేటప్పుడు బండి మూలుగుతుంది, మూలగనివ్వండి. వేడెక్కిందనిపిస్తే అయిదు నిమిషాలు నీడలో నిలపండి. రాత్రి చలికి దుప్పటి రెండోది అడిగి తీసుకోండి.

మూడో రోజు: దిగడం, ఆ తరువాత పలమనేరు

ఈ ప్రయాణంలో అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది ఈ దిగుడు. పొద్దున మంచు విడిచాక, తొమ్మిదికి దిగడం మొదలుపెట్టండి.

గేర్ల బండికి ఉన్న సౌకర్యం స్కూటరుకు లేదు. గేర్ల బండి రెండో గేరులో వేస్తే ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుంది. స్కూటరులో మరీ నెమ్మదైపోతే క్లచ్ దానంతటదే విడిపోతుంది, ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే. ఇద్దరి బరువుతో దిగేటప్పుడు బ్రేకు అదిమిపెట్టి ఉంచితే లోపల వేడి పుట్టి, కొంతసేపటికి బ్రేకు పట్టడం మానేస్తుంది.

మా మొదటి ప్రయాణంలో సరిగ్గా ఇదే జరిగింది. అప్పుడు వాడికి పదమూడేళ్లు. "అమ్మా, ఏదో మాడుతున్న వాసన" అన్నాడు. ఎవరో చెత్త తగలబెడుతున్నారులే అన్నాను. ఇంకో మలుపు దాటాక "అమ్మా, మన బండే" అన్నాడు. మంచి చోటు చూసి ఆపుదామని ఇంకొంచెం పోనిచ్చాను. వెనక బ్రేకు పిడి హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చేసింది, బండి ఆగట్లేదు. ముందు బ్రేకుతో, కాళ్లు నేలకు రాస్తూ, రోడ్డు పక్క మట్టి దిబ్బకు ఆనించి ఆపాను. ఎవరికీ ఏమీ కాలేదు. అరగంట అక్కడే కూర్చున్నాం. వాడు ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. భుజం మీద రెండు తట్లు తడితే ప్రశ్న లేకుండా ఆపాలన్న నియమం ఆ దిబ్బ మీద పుట్టింది.

కాబట్టి ఇలా దిగండి. ఇంజను ఎప్పుడూ ఆపకండి. పెట్రోలు మిగులుతుందని తాళం తీసేసి జారిపోయేవాళ్లను చూస్తాం, వాళ్లను చూసి నేర్చుకోవద్దు. రెండు బ్రేకులూ కలిపి గట్టిగా కొద్దిసేపు పట్టండి, పూర్తిగా వదలండి, గాలి తగలనివ్వండి, మళ్లీ పట్టండి. మధ్యలో రెండుసార్లు ఆగి పది నిమిషాలు చల్లారనివ్వండి. తొందరగా చల్లారుతుందని నీళ్లు చల్లకండి, వేడి ఇనుము వంకర పోతుంది. ముక్కు పని వెనకవాడిది, వాసన మొదట తెలిసేది వాడికే.

కిందికి దిగాక ఆ రోజంతా తేలికే. మదనపల్లె టమాటా మార్కెట్టుకు పొద్దున వెళితే లారీల మధ్య ఎర్రటి పెట్టెల గుట్టలు చూడవచ్చు, బండిని మాత్రం దూరంగా నిలపండి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జాతీయ గీతానికి ఆంగ్లానువాదం చేసింది ఈ ఊరి కళాశాలలోనే. అక్కణ్నుంచి పుంగనూరు, ఆపైన పలమనేరు. పుంగనూరు ఆవుల గురించి వాడు తప్పక అడుగుతాడు, నడుము ఎత్తు కూడా ఉండని పొట్టి జాతి. ఆ జాతిని కాపాడే పశు పరిశోధన కేంద్రం పలమనేరులో ఉంది.

సాయంత్రం నాలుగున్నరకల్లా పలమనేరులో గదిలో ఉండాలి. కుప్పం, పలమనేరు చుట్టూ ఉన్న కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులున్నాయి, చీకటి పడితే అవి రోడ్డు దాటి చేలల్లోకి వస్తాయి. వాటిని మళ్లించడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులను, తెచ్చి ముసలిమడుగు దగ్గర ఉంచారు. దూరంగా ఏనుగు కనిపిస్తే అక్కడే ఆగండి, హారన్ వద్దు, లైటు వేసి ఆర్పడం వద్దు, ఫోటో కోసం దిగడం అసలే వద్దు. బండిని మెల్లగా తిప్పుకుని వచ్చిన దారినే వెళ్లిపోండి. సమయం మిగిలితే కైగల్ జలపాతం చూడాలన్న ఆశ పుడుతుంది. మధ్యాహ్నం రెండు దాటితే ఆ ఆశ మానుకోండి.

నాలుగో రోజు: మొగిలి ఘాటు, కాణిపాకం, ఇల్లు

పలమనేరు నుంచి చిత్తూరు నలభై కిలోమీటర్ల చిల్లర. మధ్యలో మొగిలి ఘాటు. ఇక్కడ భయం మలుపుల కంటే లారీలది. బరువుతో దిగే లారీకి మా మొదటి ప్రయాణంలో స్కూటరుకు వచ్చిన జబ్బే వస్తుంది, అది మన దగ్గర ఆగదు. లారీ ముందు దిగకండి, పక్కన దిగకండి. అద్దంలో పెద్ద బండి కనిపిస్తే ఎడమకు జరిగి దాన్ని పోనివ్వండి. వెనకకు తిరిగి చూసి "లారీ" అని చెప్పడం పిల్లవాడి పని.

కాణిపాకంలో దర్శనం, భోజనం. అక్కణ్నుంచి తిరుపతి డెబ్బై కిలోమీటర్లు, తెలిసిన దారి. తెలిసిన దారి కాబట్టే నిద్ర ముంచుకొస్తుంది. భోజనం తరువాత అరగంట చెట్టు నీడలో నడుము వాల్చండి. ఇల్లు దగ్గర పడ్డాక వేగం పెంచే రోగం అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. వాడు భుజం మీద ఒకసారి తట్టాడు, తగ్గించాను.

మొత్తం దారి నాలుగు వందల కిలోమీటర్లు. పెట్రోలు పది లీటర్లు, లీటరు 110 లెక్కన 1,100 రూపాయలు. ఖర్చంతా గదులదీ తిండిదీ. అవసరానికి 112, 108 అని కాగితం మీద కూడా రాసుకోండి. బండి నంబరు, ఇద్దరి రక్తం గ్రూపు, ఇంటి ఫోను నంబరు చిన్న చీటీలో రాసి రెండు హెల్మెట్ల లోపలా అంటించండి. రోజూ రాత్రి గదికి చేరాక ఇంట్లోవారికి ఒక్క ఫోను, ఆ రోజు చేరిన ఊరు, మరుసటి రోజు దారి. ఇదీ వాడి పనే.

ఇంటికి వచ్చాక మరుసటి రోజు ట్యూషను పెట్టకండి. బండిని కడిగించే ముందు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని నట్లు, టైర్లు, బ్రేకులు ఒకసారి చూడండి, గుచ్చుకున్న రాళ్లూ మేకులూ అప్పుడే దొరుకుతాయి. ఆ తరువాత డబ్బు సంచి కుమ్మరించి లెక్క చూడండి. మాకు 40 రూపాయలు తేడా వచ్చింది. నేను ఏమీ అనలేదు. మూడు రోజుల తరువాత అన్నం తింటూ తింటూ, "అమ్మా, పుంగనూరులో చెరకు రసం" అన్నాడు.